పాత బిల్లుకు కొత్త పన్ను

ఎంఎస్ యాక్సెస్‌లో కిరాణా కొట్టు బిల్లులు రాసుకునేవారికి తరచూ వచ్చే ఇబ్బంది ఇది. ఫారం బిల్లుల టేబుల్‌ది. పన్ను రేట్లేమో దానితో సంబంధం లేని మరో టేబుల్‌లో ఉంటాయి. ఆ రేటు ఫారం మీద కనిపించాలంటే ఖాళీ టెక్స్ట్ బాక్స్ ఒకటి పెట్టి, దాని కంట్రోల్ సోర్స్‌లో డీలుకప్ ఫంక్షన్ రాస్తే సరి. ఏ ఫీల్డు, ఏ టేబుల్, ఏ సరుకుది అన్నవి చెబితే రేటు తెచ్చి చూపిస్తుంది.

చూపిస్తుందంతే, బిల్లులో దాచదు. చిక్కంతా అక్కడే! నెయ్యి మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 12 నుంచి 5 శాతానికి తగ్గింది. రేట్ల టేబుల్‌లో అంకె మార్చగానే, ఆగస్టులో అమ్మిన నెయ్యి బిల్లు తెరిచినా 5 శాతమే కనిపిస్తుంది. ఆడిటర్‌కు ఏం చెబుతారు? అందుకే బిల్లుల టేబుల్‌లోనే రేటుకో ఫీల్డు ఉండాలి. సరుకు ఎంచుకోగానే, ఆఫ్టర్ అప్‌డేట్ ఈవెంట్‌లో డీలుకప్ తెచ్చిన అంకెను అందులో వేయించాలి.