నీటికొక చీటి

గత వేసవిలో ఒకనాటి మధ్యాహ్నము, నీటిశుద్ధి యంత్రములు విక్రయించు యువకుడొకడు మా యింటికి వచ్చి, వంటగట్టుపై రెండు గాజుగ్లాసులుంచి, ఒకదానిలో మా కుళాయినీటిని, వేరొకదానిలో తాను సీసాతో తెచ్చిన ఆర్.ఓ. నీటిని నింపి, రెంటిలోను జంటకడ్డీలుగల చిన్న విద్యుత్పరికరమును దించి మీట నొక్కెను. నిమిషము గడచునంతలో మా నీరు పసుపువన్నెకు తిరిగి, పిదప తుప్పురంగు దాల్చి, అడుగున మడ్డి పేరుకొనజొచ్చెను. అతని నీరు మాత్రము తేటగానే నిలిచెను. "ఇన్నాళ్ళూ మీరు తాగుతున్నవి ఈ నీళ్ళేనమ్మా" అని అతడనగానే, మనుమరాలికిచ్చుటకై గ్లాసుతో నీళ్ళు ముంచుకొన్న నా భార్య వాని నట్లే తొట్టిలో కుమ్మరించెను.

ఆ తేటనీటిలో చిటికెడు ఉప్పు కలిపి మరల మీట నొక్కుమని నేను కోరితిని. ఈసారి ఆ నీరు మా నీటికన్న చిక్కగా ఎఱ్ఱబారెను. అది చూచి మాకన్న ఆ యువకుడే ఎక్కువ నివ్వెరపడెను. ఇందులో మాయ యేమియు లేదు. కడ్డీలలో ఇనుపది యొకటి కలదు. లవణములు కరగియున్న నీటిలో విద్యుత్తు పారును, పారినపుడు ఆ యినుము కరగి తుప్పై నీటిలో చేరును. లవణములు లేని నీటిలో విద్యుత్తు పారదు గావున కడ్డీయు కరగదు. గ్లాసులో తేలిన మాలిన్యము కడ్డీనుండి వచ్చినదే. నేర్పినది నేర్పినట్లు చేసిన ఆ పిల్లవానిని నిందింప నా మనసొప్పలేదు. కాని ఆ క్షణమున మా వంటింట పుట్టిన భయమే ఎన్నో యిండ్లలో ఏ యంత్రము కొనవలెనో నిర్ణయించుచున్నదని తలచి మిక్కిలి బాధపడితిని.

పిమ్మట అతడు జేబులోనుండి టి.డి.ఎస్. మీటరు తీసి ముంచగా 310 అని చూపెను. "మూడువందలు దాటిందంటే కిడ్నీలకి ప్రమాదం సార్" అనెను. ఆ మీటరు అబద్ధము చెప్పదు; కాని అది చెప్పగలిగినది మిక్కిలి స్వల్పము. నీటిలో కరగిన లవణముల మొత్తమును విద్యుద్వాహకతనుబట్టి అంచనా కట్టుట యొక్కటియే దాని పని. త్రాగునీటికై మన దేశమున విధింపబడిన ఐ.ఎస్. 10500 ప్రమాణము ననుసరించి లీటరుకు 500 మిల్లీగ్రాముల వఱకు లవణములుండుట అంగీకార్యము. వేరు జలాధారము లేనిచోట 2000 వఱకు సహింపవచ్చును. టైఫాయిడు క్రిములున్న నీటిలో ముంచినను ఆ మీటరు 80 అని చూపి ఊరకుండగలదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములను మించరాని ఫ్లోరైడు 4 మిల్లీగ్రాములున్నను, ఆరువందల లవణరాశిలో ఆ నాలుగింటిని అది వేరుపఱచి చూపజాలదు.

తెలుగునేలపై ఏ రెండు ప్రాంతముల నీరును ఒక్కటి కాదు. గోదావరి డెల్టాలో మా బాల్యమున, ఆషాఢము వచ్చి కాలువకు ఎఱ్ఱనీరు తగిలినది మొదలు, మా నాయనమ్మ బిందెలతో తెచ్చిన నీటిని కుండలో పోయుటకు ముందు ఆ కుండ లోపలిగోడకు చిల్లగింజను గరగరమని అరగదీసెడిది. తెల్లవారునప్పటికి బురద అడుగంటి, పైనీరు కొబ్బరినీళ్ళవలె తేరియుండెడిది. కతకమను పేర సుశ్రుతసంహితలోనే పేర్కొనబడిన ఆ గింజ తన చేతనైన పని చక్కగనే చేసెడిది. కాని మట్టి పోయినంతమాత్రమున కలరా క్రిమి పోదు గనుక, తేరిన నీటిని మరల కాచియే త్రాగవలసియుండెను. ఆ నీటి దోషము కంటికి కనబడెడిది. అందువలననే ఇంటిల్లిపాదియు జాగ్రత్తపడెడివారు.

నల్లగొండ జిల్లా మర్రిగూడవైపునను, ప్రకాశము ప్రాంతమునందలి కనిగిరివైపునను బోరునీటి సంగతి వేరు. ఆ నీరు మిలమిలలాడును. దుర్వాసన లేదు, రుచికి లోపము లేదు. ఆ నీరే పసివారి పండ్లపై గోధుమవన్నె చారలు దిద్ది, ఏండ్లు గడచిన కొలది కీళ్ళను బిగించి, నడిప్రాయమునకే నడుమును వంచివేయును. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించినది 1937లో. పటికతోను సున్నముతోను ఫ్లోరైడును విఱుగగొట్టుటకు నాగపూరు శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టబడినది. ఒక జిల్లా పేరు లోకమున వ్యాపించుటకు ఇంతకన్న దుఃఖకరమైన హేతువు నాకు తోచదు. అట్టి నీటిని కాచినచో కొంత ఆవిరియై పోయి ఫ్లోరైడు మఱింత చిక్కబడును. క్యాండిల్ ఫిల్టరు దానిని ఆపదు. అల్ట్రావయొలెట్ దీపము దాని జోలికే పోదు. మిషన్ భగీరథ నదీజలము అందియు బోరు వాడుక మానని యిండ్లలోను, బోరు తప్ప గతిలేని యిండ్లలోను ఆర్.ఓ. యంత్రమును నేను చేతులెత్తి స్వాగతింతును.

కాని శుద్ధిచేసిన కృష్ణా గోదావరీ జలములు కుళాయిలో వచ్చు నగరగృహమున అదే యంత్రమేల? ఆ యంత్రములోని వడపోత పొర అవసరము లేని చోటను కాల్షియమును, మెగ్నీషియమును లాగివేసి, వానితోపాటు మూడింతల నీటిని మురుగులోనికి త్రోయుచున్నది. మా చెల్లెలి యింట ఆ వ్యర్థజలపు గొట్టమును బకెట్లలో పెట్టి కొలిచి చూచితిని: 20 లీటర్ల డబ్బా నిండులోపల 60 లీటర్లకు పైగా పోయినవి. లవణములు 500 మిల్లీగ్రాములకు లోబడిన చోట ఆర్.ఓ. వాడుకను నిషేధింపుమనియు, అనుమతించిన చోట నూటికి 60 పాళ్ళకు పైగా నీరు దక్కునట్లు చూడుమనియు జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ఆదేశించినది. అట్టి యిండ్లకు కార్బన్ వడపోతయు, అల్ట్రావయొలెట్ దీపమును చాలును. వేసవిలో ట్యాంకరునీటిని, బోరునీటిని కుళాయినీటి సంపులోనే కలుపుకొనువారు మాత్రము ఆ మిశ్రమమునే పరీక్షింపవలెను.

క్లోరిన్ వాసనను ద్వేషించు గృహిణులకు ఒక మాట విన్నవింపవలసియున్నది. లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కుళాయివఱకు మిగిలియుండవలెనను నియమము మన రక్షణకొఱకే యేర్పడినది; ఆ లేతవాసన కుళాయిలో నున్నచో సంతోషింపవలెను. యంత్రములోని కార్బన్ దానిని తొలగించును గనుక, ఆ పిదప యంత్రపు తొట్టిలో నిలువయుండు నీటికి కాపలా యుండదు. పదిదినములు ఊరికిపోయి వచ్చినవారు ఆ నీటిని పాఱబోసి, తొట్టి కడిగి, మరల పట్టుకొనవలెను.

యువకుడు వెళ్ళిన మఱునాడు నేను ప్రభుత్వ జలపరీక్షాశాలకు పోయి, వారు శుద్ధిచేసి యిచ్చిన సీసాలు రెండు తెచ్చితిని. కుళాయి మూతిని మంటతో కాల్చి, రెండు నిమిషములు నీరు వదలి, సీసా మెడకు వ్రేలు తగులనీయక, వీథికుళాయి నీరొకదానిలో, వంటింటి కుళాయి నీరొకదానిలో పట్టి, మంచుగడ్డల నడుమనుంచి ఆ పూటయే అందజేసితిని. వచ్చిన చీటిలో ఫ్లోరైడు 0.5, నైట్రేటు 45 మిల్లీగ్రాముల హద్దుకు ఎంతో లోపల, లవణములు పూర్వమువలెనే. వీథినీటిలో క్లోరిన్ కలదు, క్రిములు లేవు. వంటింటి నీటిలో క్లోరిన్ లేదు. 100 మిల్లీలీటర్లలో ఒక్కటియు నుండరాని ఇ. కోలై కలదు.

ఈ చీటికై ప్రతి గృహస్థుడును సీసా పట్టుకొని తిరుగవలసిన యవసరమేమి? నీటిపన్ను వసూలుచేయు పురపాలక సంఘములును, గ్రామపంచాయతీలును ప్రతి వార్డు కుళాయినీటి పరీక్షాఫలితమును ఏటికి రెండు మారులు, వానలకు ముందొకమారు, వెనుక నొకమారు, పన్ను రసీదుపైననే అచ్చువేసి పంపవలెను. ఎన్ని లవణములు, ఎంత ఫ్లోరైడు, ఎంత నైట్రేటు, క్లోరిన్ మిగిలెనా, క్రిములు కలవా అను ఐదు పంక్తులు చాలును. 20 లీటర్ల డబ్బాలమ్ము ప్లాంట్ల తలుపులపైనను అట్టి చీటి వ్రేలాడవలెను. యంత్రము కొన వచ్చినవానిని "మీ నీటిచీటి ఏది?" అని దుకాణదారుడే మొదట అడుగు దినము రావలెనని నా కోరిక.

ఇక మా వంటింటి నీటిలో తేలిన క్రిముల మూలము వెదకుటకై మేస్త్రీ వచ్చి, వీథినీరు నిలువయుండు మా సంపు తోడించి చూడగా, మురుగుగొట్టము వైపు గోడలో, నాచు క్రింద, వెండ్రుకవాసి చీలిక కనబడినది. ఆర్.ఓ. యంత్రమునకై తీసియుంచిన సొమ్ములో కొంత సిమెంటునకును, కొంత ఆ గొట్టమును మార్చుటకును పోయినది. మిగిలినదానితో దీపపు ఫిల్టరొకటి కొంటిమి. చీటిని నా భార్య వంటింటి బీరువా తలుపు లోపలివైపున అంటించి, దాని క్రింద పెన్సిలుతో శ్రావణమని వ్రాసికొన్నది. ఆ నెలలో మరల రెండు సీసాలు పట్టి పంపవలసియున్నది.