చక్రాల మీది ఇల్లు

సొంత ఇల్లు, నెల జీతం ఉంటే జీవితం స్థిరపడినట్టేనని మనమంతా నమ్ముతాం. పిల్లలకూ అదే నేర్పిస్తాం. అలాస్కాలోని ఆంకరేజ్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో పనిచేసే బాబ్ వెల్స్‌దీ అలాంటి జీవితమే. కానీ 1995లో విడాకులయ్యాక, పిల్లల పోషణకు సగం జీతం పోగా మిగిలింది అద్దెకు చాలలేదు. దాంతో ఓ పాత వ్యాన్ కొని అందులోకి మారాడు. మొదట్లో రాత్రిళ్లు ఏడ్చాడు. కొన్నాళ్లకు అద్దె బెడద లేని ఆ బతుకులోనే నెమ్మది దొరికింది.

ఆ నెమ్మదిని అతను తన ఒక్కడికే దాచుకోలేదు. ఆరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ వద్ద తనలాంటి వారిని సమావేశపరచి, వాహనంలో తక్కువ ఖర్చుతో ఎలా బతకాలో నేర్పడం మొదలుపెట్టాడు. 2008 మాంద్యంలో ఇళ్లు, ఉద్యోగాలు పోగొట్టుకున్న వృద్ధులెందరో ఆ బాట పట్టారు. వ్యాన్ జీవితం కొందరికి ముచ్చట, వారికి మాత్రం మరో దారి లేని అవసరం. ఆ తేడా మనం మరువరాదు.

దేవుడు పిలిస్తే అబ్రాహాము కూడా స్వదేశాన్ని, బంధువులను వదిలి గుడారాల్లో బతికాడు. మమ్రే దగ్గర మండుటెండలో ముగ్గురు అపరిచితులు కనిపిస్తే ఎదురు పరుగెత్తి, ఆహ్వానించి భోజనం పెట్టాడు. మరి గట్టి పునాదులున్న మన ఇళ్ల మాటేమిటి? అద్దె కట్టలేక సామాను సర్దుకుంటున్న కుటుంబం మన సంఘంలోనే ఉందేమో! ఈ ఆదివారం ఆరాధన ముగిశాక అడిగి తెలుసుకుందాం. కదిలే ఇల్లైనా, కదలని ఇల్లైనా, దాని తలుపు ఎవరికోసం తెరుచుకుంటోందో దేవుడు చూస్తాడు.