ఖాకీ – పేరుబిళ్ళ

తెనాలి నుండి వచ్చే రైలుమార్గం రేపల్లెతో ముగుస్తుంది. రాత్రివేళ బండి దిగిన ప్రయాణికునికి ఊరు కొత్తదైతే, ఆపదలో అతని కళ్ళు ముందుగా వెతికేది ఖాకీ దుస్తులనే. వాటిని ధరించిన మనిషి ఎవరో తెలియకపోయినా అతడు నమ్ముతాడు. అదే ఖాకీని చూచి, ఏ తప్పూ చేయనివాడు కూడ ఒక్కొక్కప్పుడు జంకుతాడు. నమ్మకానికీ, భయానికీ ఒకే వస్త్రం కారణం కావడం ఆలోచింపదగిన విషయం. కనుక పోలీసుల వేషధారణలో ఏది మారాలి, ఏది మారకూడదు అన్న ప్రశ్న కేవలం దర్జీకి సంబంధించినది కాదు.

పార్శీ భాషలో 'ఖాక్' అనగా మన్ను. 1846లో పెషావరులో 'గైడ్స్' దళాన్ని నెలకొల్పిన లమ్స్‌డెన్ అనే ఆంగ్ల సైనికాధికారి తన సైనికులకు మన్నురంగు దుస్తులను అలవాటు చేశాడు. సరిహద్దు కొండలలో శత్రువు కంటబడకుండ ఉండుటకు తగిన రంగు అది. కాలక్రమాన ఆ రంగే, ప్రజలకు స్పష్టంగా కనబడవలసిన పోలీసుకు గుర్తుగా మారడం విచిత్రం.

నాడు రేపల్లె మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. 1859 నాటి చట్టంతో అక్కడ రూపుదిద్దుకొన్న పోలీసు వ్యవస్థ స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట కూడ చాలాకాలం పాత వేషాన్ని విడువలేదు. కానిస్టేబుళ్ళ నిక్కర్లను పాత తెలుగు చలనచిత్రాలలో నేటికీ చూడవచ్చు. ఇంట మనుమలను ఎత్తుకొనే వయసువాడు వీధిలో నిక్కరుతో నిలువవలసి రావడం అతనికి గౌరవం కాదు. అతని మాట వినవలసిన సమాజానికీ గౌరవం కాదు. నిక్కరు పోయి ప్యాంటు రావడం మంచి మార్పు.

వేషం పాలకులను బట్టి వచ్చినదనుటకు యానాం మరొక నిదర్శనం. ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండిన ఆ తెలుగు పట్టణం నేడు పుదుచ్చేరిలో భాగం. ఫ్రెంచి సంప్రదాయపు ఎర్రటోపీ అక్కడి కానిస్టేబుళ్ళ తలపై ఇంకను నిలిచి ఉన్నది. కనుక ఏ వేషమూ అనాదిగా వచ్చినది కాదు, మార్చరానిదీ కాదు.

ఖాకీ చీరతో విధులు నిర్వహించిన మహిళా పోలీసులు చొక్కా, ప్యాంటులకు మారారు. పరుగెత్తవలసిన ఉద్యోగానికి ఇది తగినదే. అయితే 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో మహిళా పోలీసుల యూనిఫాం కొలతలను పురుషుడైన దర్జీ తీసుకొన్నప్పుడు విమర్శలు చెలరేగాయి. దుస్తులు మారినంత మాత్రాన మర్యాద దానంతట అది రాదని ఆ సంఘటన తెలిపింది.

దేశమంతటా పోలీసులకు ఒకే యూనిఫాం ఉండాలన్న ఆలోచనను ప్రధానమంత్రి 2022 అక్టోబరులో రాష్ట్రాల ముందుంచారు. రంగు ఒకటి కావచ్చును గాని, కాశ్మీరు చలికీ, కృష్ణాతీరపు ఉక్కకూ ఒకే బట్ట సరిపడదు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు పన్నెండు దినాలు జరిగాయి. రేపల్లె చెంతనున్న పెనుమూడి రేవు వంటి చోట్ల జనసందోహం నడుమ నిలువవలసిన వారికి పలుచని నూలుబట్ట విలాసం కాదు, అవసరం.

ఇన్ని మారినా మారకూడనిది ఒకటున్నది. అది రొమ్ముపై ఉండే పేరు. మన భాషలో 'బిళ్ళబంట్రోతు' అనే మాట ఉన్నది. ఉద్యోగిని అతని బిళ్ళతోనే గుర్తించిన పలుకుబడి అది. పగటివేషగాడు ఏ దుస్తులైనా ధరించగలడు. అతడు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. పోలీసు జవాబు చెప్పాలి. అరెస్టు చేసే పోలీసులు తమ పేరు, హోదా స్పష్టంగా కనబడే బిళ్ళను ధరించాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 36వ సెక్షనులో కూడ, అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనబడాలని ఉన్నది.

కొన్ని విధులకు సాధారణ దుస్తులే మేలు కదా అని అడుగవచ్చు. నిజమే. 2014లో హైదరాబాదులో మొదలైన 'షీ టీములు' ఆ విధంగానే పనిచేసి ఆకతాయిలను పట్టుకొన్నాయి. కాని పట్టుకొన్న క్షణం నుండి తానెవరో చెప్పుట వారికీ తప్పదు.

పేరు ఉంటే చాలదు, చదువగలిగేటట్లుండాలి. నిజాంపట్నం మత్స్యకారుడు, రేపల్లె రైతుకూలీ కూడబలుక్కొని అయినా చదువుకొనేటట్లు అది పెద్ద తెలుగు అక్షరాలలో ఉండాలి. ఎదుటివాని పేరు తెలిసిన పౌరుడు ధైర్యంగా మాట్లాడుతాడు. తన పేరు ఎదుటివానికి తెలుసునని ఎరిగిన పోలీసు చేయి ఎత్తడానికి ముందు ఆలోచిస్తాడు. మీలో కొందరు రేపు ఆ ఖాకీ ధరింపవచ్చు. ఆనాడు అద్దంలో ముందుగా చూచుకోవలసినది మడతలను కాదు, పేరును.