ఓడిన కథకు నాలుగు వాక్యాలు

కథల పోటీ ప్రకటన ఏది తీసుకున్నా చివర ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం, ఈ విషయంలో ఎలాంటి ఉత్తరప్రత్యుత్తరాలకూ తావు లేదు.’ ఒకప్పుడు వారపత్రికలు వేసిన ప్రకటనల్లోనూ ఇదే, ఇవాళ వెబ్ పత్రికలు, ఫేస్‌బుక్ గ్రూపులు, వాట్సాప్ బృందాలు పెడుతున్న ప్రకటనల్లోనూ ఇదే. నిర్ణయం న్యాయనిర్ణేతలది కావడం సబబే. ఆ రెండో సగాన్ని మాత్రం కొట్టేయాలని నా కోరిక. కొత్తగా రాసేవాళ్లకు బహుమతి కన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది ఆ తావు లేదన్న ఉత్తరమే.

నేను అనంతపురం జిల్లాలో హైస్కూలు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కథలు రాస్తాను. కొన్నేళ్లుగా పోటీలకు వడపోత కూడా చేస్తున్నాను. న్యాయనిర్ణేతల పేర్లు ప్రకటనలో ఉంటాయి, వడపోత చేసేవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. వచ్చిన కథలన్నీ మొదటి అక్షరం నుంచి చదివి, వాటిలో పాతికో ముప్పయ్యో ఏరి పెద్దల చేతికి ఇచ్చేది మేమే. అందుకే పక్కన పడిపోయిన కథల సంగతి పోటీ పెట్టినవాళ్ల కన్నా, బహుమతి ప్రకటించినవాళ్ల కన్నా మాకే బాగా తెలుసు. వాటి గురించి మాట్లాడాలి.

ముందుగా ఒకటి. పోటీ కోసం రాసింది సాహిత్యం ఎలా అవుతుందని ముఖం చిట్లించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తెలుగు నవలకు నడక నేర్పింది పోటీలే. 1890ల్లో రాజమండ్రి నుంచి వచ్చిన ‘చింతామణి’ పత్రిక నవలలకు పోటీలు పెట్టేది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ‘రామచంద్ర విజయం’ 1894లో ఆ బహుమతి అందుకున్నదే. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పెట్టిన నవలల పోటీలో విశ్వనాథ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతిని పంచుకున్నాయి. 1952లో పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల సంఘం తానా పెట్టిన నవలల పోటీలో 1997లో చంద్రలత ‘రేగడి విత్తులు’కు, 2019లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’కు బహుమతులొచ్చాయి. కరువు రోజుల్లో గొర్రెల మందల్ని నల్లమలకు తోలుకుపోయే కాపరుల బతుకు ఆ రెండో నవల. 2021లో సినిమాగా కూడా వచ్చింది. మా సీమ గొర్రెల కాపరి అడవిలో దాటిన రాత్రులు అంతమంది దాకా వెళ్లడంలో ఆ పోటీకీ పాలు ఉంది.

ఈ పేర్లు తలుచుకుని మురిసిపోవడం దగ్గరే మనం ఆగిపోతున్నాం. గెలిచిన పుస్తకానికి గెలిచాక అండగా నిలిచేవాళ్లు బోలెడుమంది. నాకు మాత్రం ఎప్పుడూ ‘సాధారణ ప్రచురణకు స్వీకరించినవి’ అనే జాబితా మీదే కన్ను. ఉగాదికో దీపావళికో వారపత్రికలు ఫలితాలు వేసేటప్పుడు బహుమతి కథల కింద చిన్న అక్షరాలతో ఆ జాబితా ఉండేది. ఎంతమంది తమ పేరు మొట్టమొదట అచ్చులో చూసుకున్నది అక్కడే! అందులోకీ రాని కథ, రచయిత స్టాంపులంటించి జతచేసిన కవరులో ఇంటికి తిరిగొచ్చేది. ఓపికున్న సంపాదకుడైతే మార్జిన్లో ఒక మాట రాసేవాడు, ‘ముగింపులో తొందరపడ్డారు’ అనో, ‘ఈ మేనమామ కథలో ఎందుకున్నాడు?’ అనో. ఆ ఒక్క మాట పట్టుకుని కథ మొత్తం తిరగరాసినవాళ్లు నాకు తెలుసు.

విపుల, చతుర మాసపత్రికలు 1978లో మొదలై 2021లో ఆగిపోయాయి. కరోనా కాలంలో ఇంకొన్ని వారపత్రికలూ మూతపడ్డాయి. కథ పంపడానికి చిరునామాలు కరువైన సమయంలో ఆన్‌లైన్ వేదికలు ఆదుకున్నాయి, అందుకు వాటికి దండం పెట్టాలి. కానీ తిరుగు టపా కవరు పోతూ పోతూ మార్జిన్లో ఆ మాటను కూడా పట్టుకుపోయింది. మెయిల్లో పంపిన కథ చేరిందో లేదో కూడా చాలామందికి తెలియదు. నెలలు గడిచాక ఫలితాల పోస్టు వస్తుంది. అందులో తన పేరు లేకపోవడమే రచయితకు అందే జవాబు. కథ బాగాలేదా, బాగుండి చోటు చాలలేదా, అసలు ఎవరైనా చివరిదాకా చదివారా?

అన్నిచోట్లా ఇంతేనని అనను. ‘ఈమాట’ 1998 నుంచి ఇంటర్నెట్టులో వస్తోంది. అక్కడికి కథ పంపితే చదివి, ఏది కుదిరింది ఏది కుదరలేదు రాసి పంపే పద్ధతి ఉంది. మళ్లీ రాసి పంపితే మళ్లీ చదువుతారు. డబ్బులేమీ ఆశించకుండా, ఉద్యోగాలు చేసుకుంటూ, సాయంత్రాలు వెచ్చించి చేసే పని అది. శ్రీకాకుళంలో 1997లో కథానిలయం నెలకొల్పిన కాళీపట్నం రామారావు మాస్టారు కొత్తవాళ్ల కథల్ని ముందు పెట్టుకుని ఎంత వివరంగా మాట్లాడేవారో ఉత్తరాంధ్ర రచయితలెవరినడిగినా చెబుతారు. ఆ మాస్టారి శ్రద్ధకు వేదికతో పనిలేదు. కాగితం మీదైనా, స్క్రీను మీదైనా ఒక మనిషి కూర్చుని చదవాలి.

ఇప్పుడు ఎక్కువమంది కొత్తవాళ్లు మొదలుపెట్టేది ప్రతిలిపి లాంటి యాప్‌లలో. 2014లో బెంగళూరులో మొదలైన ఆ వేదికలో తెలుగు కూడా ఒక భాష. ఎవరి అనుమతీ అక్కర్లేదు, రాసి పెట్టేయవచ్చు. దీన్ని చులకన చేసే పెద్దలతో నాకు పేచీ ఉంది. రాత్రి అంట్లు తోముకుని, పిల్లల్ని పడుకోబెట్టి, ఫోన్లో బొటనవేలితో కథ కొట్టే ఇల్లాలికి సంపాదకుడి గుమ్మం ఎప్పుడూ దూరమే. అత్తగారింట్లో తెలియకూడదని కలంపేరుతో రాసేవాళ్లు నాకు ఫోన్లు చేస్తుంటారు. టైపు చేయడం రాక, ఫోనుకు నోటితో చెప్పి రాయించుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కథల్లో ఫుల్‌స్టాపులు కనిపించవు, పేరాలు విడవవు. ఊపిరి తీసుకోని ఆ వాక్యాల మధ్య మరెక్కడా దొరకని మాట ఒకటి తగులుతుంది. ఇలాంటి వేదికలు లేకపోతే ఆ మాట పుట్టేదే కాదు.

అయితే ఆ కథల కింద వచ్చే స్పందనలు చూడండి. ‘సూపర్’, ‘చాలా బాగుంది అక్కా’, ‘తరువాయి భాగం ఎప్పుడు మేడమ్?’ ప్రేమతో పెట్టినవే, కొత్త రచయితకు ధైర్యమిచ్చేవే. చదివినవాళ్ల సంఖ్య పెరుగుతుంటే ఎవరికైనా ఉత్సాహమే. కానీ రోజుకో భాగం చొప్పున నూరు భాగాలు రాసిన అమ్మాయికి, మూడో భాగంలో తల్లి ఎందుకు మాట మార్చిందో అర్థం కాలేదని ఒక్కరూ చెప్పరు. రాసే అలవాటు బలపడుతుంది, దిద్దుకునే అలవాటు పుట్టనే పుట్టదు. తీరా ఆమె పత్రిక పోటీకి కథ పంపితే వడపోతలోనే పోతుంది, ఎందుకు పోయిందో చెప్పే నాథుడుండడు. మెచ్చుకోళ్ల సందడికీ తిరస్కారపు నిశ్శబ్దానికీ మధ్య ఆమె అక్కడే నిలిచిపోతుంది.

వడపోతలో నా చేతికి వచ్చిన ఒక కథ గురించి చెబుతాను. మా జిల్లా అమ్మాయే రాసింది. మొదటి రెండు పేజీల్లో ఊరికి తూర్పున చెరువు, పడమట గుట్ట, నడుమ రామాలయం. ఇలాంటి మొదలు వందసార్లు చదివి ఉంటాం, చెయ్యి పక్క కథ మీదకు పోతుంది. మూడో పేజీలో ఏరువాక ముందు రైతు వాకిట్లో ఆడవాళ్లు కూర్చుని విత్తనానికి సెనక్కాయలు ఒలుస్తుంటారు. వేళ్లు చీలకుండా పాత చీర పీలికలు చుట్టుకుని ఉంటారు. కూలి శేర్ల లెక్కన. కొలిచేటప్పుడు యజమాని శేరు మీద గోపురంలా పోయించుకుంటాడు, ఒక ముసలామె ఏమీ అనకుండా అరచేత్తో ఆ గోపురాన్ని చదును చేస్తుంది. అక్కడ నేను లేచి కూర్చున్నాను. ఆ అరచెయ్యి సీను రాయగలిగిన మనిషికి కథ రాయడం వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ కథకు బహుమతి రాలేదు. ఫలితాలొచ్చాక నిర్వాహకులను అడిగి ఆమెకు ఫోన్ చేశాను. మొదటి రెండు పేజీలూ తీసేసి శేరు దగ్గర మొదలుపెట్టమన్నాను. ‘ఊర్లో ఏమేమి ఉండాయో చెప్పకుంటే సదివేటోల్లకు మా ఊరు ఎట్ల తెలుస్తాది మేడమ్?’ అంది. ‘ఆ ముసలామె చెయ్యి చూసినోల్లకు మీ ఊరు తెలుస్తుందిలేమ్మా’ అన్నాను. చాలాసేపు వాదించింది. ఆ వాదన నాకు నచ్చింది, తన కథ మీద పట్టున్న మనిషే అలా వాదిస్తుంది. తర్వాత తిరగరాసి ఒక వెబ్ పత్రికకు పంపింది, వాళ్లు ఇంకో సందేహం అడిగారు, మళ్లీ రాసింది, అచ్చయింది. మొత్తం మీద ఆమెకు కావలసి వచ్చింది నాలుగు వాక్యాల మాట. అది లేక అలాంటి కథలు ఎన్ని మా ఫోల్డర్లలో మూలుగుతున్నాయో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

కోపం తెప్పించే సంగతులూ ఉన్నాయి. రాసేవాళ్ల ఆరాటం చూసి సొమ్ము చేసుకునే పోటీలు పుట్టుకొస్తున్నాయి. పాల్గొన్న ప్రతివారికీ ప్రశంసాపత్రం, ఎంపికైతే సంకలనంలో చోటు, చోటు కావాలంటే ఇన్ని కాపీలు కొనాలి. ఒకావిడ దగ్గర ‘ఐఎస్‌బీఎన్ ఖర్చు’ అని ప్రత్యేకంగా వసూలు చేశారు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితంగానే ఇస్తారు, ఆ సంగతి కొత్తవాళ్లకు తెలియదు. ఇంకో ప్రకటనలో ‘పోటీకి వచ్చిన అన్ని కథలపైనా సర్వహక్కులు మావే’ అని ఉంది. గెలిచినవి కాదు, వచ్చినవన్నీ! రేపు ఆ కథను ఎవరైనా ఆడియోగానో సినిమాగానో అడిగితే రచయిత ఎవరి అనుమతి తెచ్చుకోవాలి? 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు చేతులు మారాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎంతకాలానికో రాసుకోకపోతే అయిదేళ్లకే. ఎక్కడెక్కడికో రాసుకోకపోతే ఇండియా వరకే. ఈ మూడు ముక్కలూ రాసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. అలాంటి నిబంధన కనబడితే కథ పంపొద్దని నన్నడిగిన వాళ్లందరికీ చెబుతున్నాను.

పోటీకి కథ పంపేటప్పుడు రచయిత హామీపత్రం ఇవ్వాలి. ఇది నా స్వంత రచన, అనువాదమూ అనుకరణా కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని. ఈమధ్య ఏఐతో రాయించలేదనే హామీ కూడా అడుగుతున్నారు. అడగాల్సిందే. నా ప్రశ్న ఏమిటంటే, కథ తీసుకునేవాళ్ల హామీపత్రం ఏది? ఫలితాలు ఫలానా తేదీకి ఇస్తాం, రాకపోతే కథను మీరు వేరేచోటికి పంపుకోవచ్చు, ఒక్కసారి ప్రచురించుకునే హక్కు తప్ప మరేదీ తీసుకోం, మీ దగ్గర పైసా అడగం, చివరి విడత దాకా వచ్చిన కథకు మా అభిప్రాయం రాసి పంపుతాం. ఒక పేజీ కూడా పట్టదు. ప్రకటన కింద దాన్ని పెట్టడానికి ఏ బృందానికైనా అడ్డేమిటి?

అన్ని కథలకూ జవాబులు రాయడం అయ్యే పనేనా అని నిర్వాహకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మూడువందల కథలొస్తే మూడువందల మందికీ రాయమని నేననడం లేదు. మొదటి చదువులోనే సగానికి పైగా పక్కకు పోతాయి. ఒక నీతి చెప్పడానికే రాసినవి, పత్రికలో వచ్చిన వార్తకు పేర్లు తగిలించినవి, వృద్ధాశ్రమం గుమ్మంలో కొడుకు ఏడుపుతో ముగిసేవి అందులో చాలా ఉంటాయి. మిగిలిన వాటిలో అరవయ్యో డెబ్బయ్యో దగ్గరదాకా వచ్చి ఆగిన కథలు. చదివిన వెంటనే రాస్తే ఒక్కోదానికి పది నిమిషాలు. ముగ్గురు పంచుకుంటే రెండు మూడు సాయంత్రాల పని. బహుమతి సభకు హాలు, శాలువాలు, జ్ఞాపికల ఏర్పాట్లకు ఇంతకు పదింతల శ్రమ పడుతున్నాం.

ఆ నాలుగు వాక్యాలు ఎలా ఉండాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ‘శైలి మెరుగుపడాలి’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. కథలో బతికి ఉన్న చోటు ఏదో వేలు పెట్టి చూపించాలి. ఎక్కడ ఆగిపోయిందో చెప్పాలి. మాండలికం దిద్దకూడదు, అనంతపురం మాటను గుంటూరు మాట చేయడానికి మనమెవరం? రచయిత తిరిగి ప్రశ్నిస్తే విసుక్కోకూడదు. నలభై మంది పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు దిద్దినవాళ్లకు ఇదేమీ కొత్త విద్య కాదు.

వచ్చే ఉగాదికి కథల పోటీ పెడుతున్న ఒక మిత్రబృందం నన్ను వడపోతకు పిలిచింది. ఈ షరతు మీదే వస్తానన్నాను. నాతోపాటు పనిచేసిన ఇద్దరు టీచర్లు కూడా చదవడానికి ముందుకొచ్చారు. దగ్గరదాకా వచ్చిన ప్రతి కథకూ మేం రాసిస్తాం, రచయితలకు పంపే బాధ్యత బృందానిది. వాళ్లు ఒప్పుకున్నారు. రిటైరైన తెలుగు టీచర్లు, లైబ్రేరియన్లు, ఏళ్ల తరబడి కథలు చదువుతున్న పాఠకులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. అడిగితే కాదనరు. పోటీలు పెట్టేవాళ్లు ప్రకటన రాసుకునే ముందే వాళ్ల తలుపు తట్టాలని అడుగుతున్నాను.