ఆఫ్రికా మద్దెల - అనంతపురం ఉరుము

అనంతపురం పీఠభూమిలో ‘ఉరుము’ అన్న మాటకు రెండు అర్థాలు వున్నవి. మొదటిది ఆకాశంలో వినిపించేది. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఆ సీమలో, వేరుసెనగ విత్తిన రైతు ఆ ధ్వని కోసం చెవి యొగ్గి ఎదురుచూస్తాడు. విరాటపర్వం చదివిస్తే వానలు కురుస్తాయన్న నమ్మకం తెలుగునాట తరతరాలుగా నిలిచి వున్నదంటే, ఆ ఎదురుచూపు ఎంత దీర్ఘమైనదో ఊహించవచ్చును. రెండవ ఉరుము గ్రామదేవతల జాతరలలో వినిపించే తోలు వాద్యం. దాని ఒక ముఖాన్ని వంకర పుల్లతో రాచినప్పుడు పుట్టే గంభీరనాదం మేఘగర్జనను తలపిస్తుంది. మొదటి ఉరుము కోసం ఊరంతా ఆకాశం వైపు తలయెత్తి చూస్తుంది. రెండవ ఉరుమును మోగించే మనిషిని మాత్రం అదే ఊరు చాలకాలం తలవంచుకొని నిలబడవలసినవానిగానే చూచినది.

తోలు వాద్యానికీ, దానిని మోగించేవానికీ ఒక సమాజం ఇచ్చే విలువ యేమిటి? ఈ ప్రశ్నను మరల ఆలోచించడానికి అమెరికాలో ఇటీవల వెలువడిన ఒక సంగీత సంపుటి తోడ్పడుతున్నది. చిత్రమేమంటే, ఆ సంపుటికి కర్త్రి అయిన విదుషీమణికి ఈ కరువుసీమతో ఒక సంబంధం వున్నది.

ఆమె పేరు ఆలిస్ కోల్ట్రేన్. 1937లో డెట్రాయిట్ నగరంలో, ఆఫ్రికా సంతతికి చెందిన కుటుంబంలో జన్మించినది. బాల్యంలో బాప్టిస్టు చర్చిలో వాద్యం వాయిస్తూ పెరిగి, జాజ్ సంగీతంలో పియానోకూ, హార్ప్ అనే తంత్రీవాద్యానికీ పేరు తెచ్చినది. 1971 ఫిబ్రవరి 21న న్యూయార్కులోని కార్నెగీ హాలులో ఆమె చేసిన కచేరీ అప్పుడే రికార్డు అయినప్పటికీ, పూర్తిగా, అధికారికంగా ప్రపంచానికి అందినది 2024 మార్చిలో. అనగా యాభై మూడు సంవత్సరాల తరువాత.

ఆ కచేరీకి గుండెకాయ వంటిది ‘ఆఫ్రికా’ అనే రచన. దానిని 1961లో రచించి రికార్డు చేసినవాడు జాన్ కోల్ట్రేన్. తరువాత ఆమెకు భర్త అయిన ఆ మహావిద్వాంసుడు 1967లో మరణించినాడు. కార్నెగీ హాలులో ఈ ఒక్క రచన అరగంటకు దగ్గరగా సాగినది. వేదిక మీద మంద్రస్థాయి తంత్రీవాద్యకారులు ఇద్దరు, మద్దెలగాండ్రు ఇద్దరు. తంత్రులు రెండూ మన శ్రుతివలె ఒక నేలను పరుస్తుండగా, మద్దెలలు రెండూ దాని మీద నడచినవి. మద్దెలగాండ్రలో ఒకరైన ఎడ్ బ్లాక్‌వెల్ స్వస్థలం న్యూ ఆర్లియన్స్. ఆ వివరం చిన్నదిగా కనిపించవచ్చును గాని, దాని వెనుక మూడు శతాబ్దాల చరిత్ర వున్నది.

ఆఫ్రికా నుండి బానిసలుగా తరలింపబడినవారికి అమెరికాలో మద్దెల ఒక నేరమైనది. 1739లో సౌత్ కరోలినాలోని స్టోనో నది వద్ద బానిసలు తిరుగుబాటు చేసినారు. మద్దెల మోతలే మనుషులను కూడగట్టినవని యజమానులు భయపడినారు. మరుసటి సంవత్సరం, 1740లో, బానిసలు మద్దెలలు వాడరాదని అక్కడ శాసనం పుట్టినది. వాద్యాన్ని లాగుకొనగలిగినారు గాని లయను లాగుకొనలేకపోయినారు. మద్దెల లేనిచోట అరచేతులు చప్పట్లయినవి. పాదాలు నేలను మోగించినవి. న్యూ ఆర్లియన్స్‌లోని కాంగో స్క్వేర్ అనే మైదానంలో మాత్రం ఆదివారాలు బానిసలు కూడి తమ మద్దెలలు మోగించుకొనే వీలు చాలకాలం వుండినది. జాజ్ పుట్టినది ఆ నగరంలోనే. కనుక ఆ నగరవాసి ఒకడు కార్నెగీ హాలులో ‘ఆఫ్రికా’కు లయ కూర్చినాడంటే, నిషేధింపబడినది సింహాసనమెక్కినదని అర్థం.

ఇక ఈ సీమతో సంబంధం. భర్తృవియోగానంతరం ఆలిస్ కోల్ట్రేన్ భారతీయ వేదాంతం వైపు మరలినది. మొదట స్వామి సచ్చిదానందకూ, తరువాత పుట్టపర్తి సత్యసాయిబాబాకూ భక్తురాలైనది. పుట్టపర్తి ఆనాడు అనంతపురం జిల్లాలోని గ్రామం. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. కాలిఫోర్నియాలో 1983లో ఆమె స్థాపించిన ఆశ్రమం తరువాత ‘సాయి అనంతం’ అన్న పేరు ధరించినది. ఆ అనంతం వేదాంతపదమే గాని జిల్లా పేరు కాదు. 2007లో ఆమె మరణించినది. 2018 నాటి కార్చిచ్చులో ఆ ఆశ్రమం దగ్ధమైనది. అక్కడ ఆమె పాడించిన భజనలు మాత్రం నిలిచినవి. వాటిలోని నామాలు మనవి. పాడిన తీరు డెట్రాయిట్ చర్చిది. ఒకరు ఎత్తుకొనగా పదిమంది అందుకొనడం ఆఫ్రికా సంగీతంలో ప్రధానమైన పద్ధతి. రాయలసీమ చెక్కభజన నడిచేదీ అట్లే. ఈ పోలికను బట్టి ఒకటి మరొకదాని నుండి పుట్టినదని చెప్పరాదు. కష్టజీవులు కూడి పాడుకొనేచోట పాట సహజంగా ఆ రూపం తాల్చునని మాత్రం చెప్పవచ్చును.

పోలిక ఇంతవరకే. ఇక్కడి నుండి రెండు చరిత్రలూ విడిపోతున్నవి. ఆ భేదాన్ని గమనించకపోతే జానపదకళలను గురించి ఎన్ని ఉపన్యాసాలు చేసినా ఫలితం వుండదు.

అమెరికాలో యజమాని మద్దెలను నిషేధించినాడు. తెలుగుదేశంలో ఆసామి డప్పును నిర్బంధించినాడు. చావుకు డప్పు, చాటింపుకు డప్పు, జాతరకు డప్పు, పిలిచినప్పుడల్లా రావలసిందే. అది కళ అని ఎవరూ అనలేదు. కులధర్మమన్నారు, వెట్టి చేయించినారు. దేవత గుడి ముందర వాద్యం మోగవలెను గాని, వాద్యకారుడు గుడిలోనికి రాకూడదు. నిషేధింపబడిన వాద్యాన్ని మోగించడం అక్కడ స్వేచ్ఛకు గుర్తు అయినది. నిర్బంధింపబడిన వాద్యాన్ని క్రింద పెట్టివేయడమే ఇక్కడ స్వేచ్ఛకు గుర్తు అయినది. తండ్రి మెడలోని డప్పును చూచి కుమారుడు చదువువైపో, బెంగుళూరు కూలిపనివైపో నడచిపోతే, అతనిని సంప్రదాయద్రోహి అనడం అన్యాయం. అతడు విడిచిపెట్టినది లయను కాదు, అవమానాన్ని.

అయినా డప్పు కథ అక్కడితో ముగియలేదు. 1994లో మాదిగలు తమ హక్కుల ఉద్యమానికి ‘దండోరా’ అని పేరు పెట్టుకొన్నారు. ఊరి పెద్దల మాటను చాటవలసి వచ్చిన వాద్యమే తమ మాటను చాటడం మొదలుపెట్టినది. 1740 నాటి శాసనకర్తలు మద్దెలను చూచి ఎందుకు భయపడినారో ఈ ఉదాహరణ వలన కూడ బోధపడుతుంది.

ప్రభుత్వాలు కొంత చేయకపోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజిక పింఛనుల జాబితాలో డప్పు కళాకారులను చేర్చినది; 2024 జూలై నుండి ఆ పింఛను నెలకు 4,000 రూపాయలైనది. 2022లో తెలంగాణకు చెందిన కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగిలయ్యనూ, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యనూ కేంద్రప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించినది. ఇవి మెచ్చుకొనదగిన పనులే. కాని పింఛను వృద్ధాప్యానికి ఆసరా. బిరుదు ఒకరిద్దరికి లభించే గౌరవం. ఒక విద్య తరువాతి తరానికి అందడానికి ఈ రెండూ చాలవు. విద్య అందవలెనంటే శిష్యులు కావలెను. ఆ విద్యవలన తమ తల ఎత్తు తగ్గదన్న ధైర్యం వుంటేనే శిష్యులు వస్తారు.

ఈ పని ఎక్కువగా పాఠశాలల చేతిలో వున్నది. వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథికి స్వాగతం పలకడానికి డప్పుల జట్టును పిలిచి, గేటు వద్ద ఎండలో నిలబెట్టి, తరువాత ఏదో చేతిలో పెట్టి పంపివేసే అలవాటు కొన్ని చోట్ల వున్నది. అది కళాపోషణ కాదు, పాత వెట్టికి కొత్త చొక్కా. అదే కళాకారుని వేదిక మీద కూర్చుండబెట్టి, అతని పేరు చెప్పి, దరువులను ఒక్కొక్కటిగా వివరించమని కోరితే విద్యార్థులకు ఆనాడొక మంచి పాఠం దొరుకుతుంది. దరువుల పేర్లు, ఏ దరువు ఏ సందర్భంలో మోగుతుంది, తోలును ఏ విధంగా పదును చేస్తారు, మంట దగ్గర ఎందుకు కాచుతారు అన్న సంగతులను విద్యార్థులు అడిగి వ్రాసికొనవచ్చును. అందులో భౌతికశాస్త్రమూ వున్నది, చరిత్రా వున్నది, భాషా వున్నది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. డప్పును నేర్పేటప్పుడు ఆ కులపు పిల్లలను వెదకి పిలిచి వారి చేతికే ఇస్తే, చేసిన మేలంతా చెడిపోతుంది. అది పాత నిర్బంధాన్నే మరల రుద్దినట్లవుతుంది. మృదంగానికి వలెనే ఉరుముకూ, డప్పుకూ ఇష్టపడిన ప్రతి విద్యార్థి చేయీ తగలవలెను. ఇష్టం లేని విద్యార్థి ఎవరి పుత్రుడైనా, పుత్రిక అయినా తప్పుకొనే స్వేచ్ఛ వుండవలెను. జాజ్‌ను నేడు తెల్లవారు, నల్లవారు, జపానువారు అందరూ వాయిస్తున్నారు. అందువలన అది ఆఫ్రికా సంతతివారి ఘనతను కోల్పోలేదు. వారిని గురువులుగా లోకమంతా అంగీకరించినది.

కార్నెగీ హాలులో 1971లో మోగిన మద్దెల లోకానికి పూర్తిగా వినిపించడానికి యాభై మూడేండ్లు పట్టినది. దానిని భద్రపరచిన నాడా అక్కడ వున్నది. అనంతపురం ఉరుమును అట్లు భద్రపరచవలసిన నాడా యంత్రంలో లేదు; నేర్చుకొనే పిల్లల చేతులలో వున్నది. ఆకాశంలోని ఉరుము ఎప్పుడు వచ్చేదీ ఎవరి చేతిలోనూ లేదు. గుడి ముందరి ఉరుము నిలిచేదీ, నశించేదీ ఊరి చేతిలోనే వున్నది.