లోపల ఏమున్నాయండీ?

మొన్నటి వేసవిలో ఒక సాయంకాలము, విజయవాడ గవర్నరుపేటలోని ఒక పార్సిలు ఆఫీసులో, హైదరాబాదున చదువుకొనుచున్న మా మేనల్లునికి పుస్తకముల కట్ట నొకదానిని పంపుటకై నేను వరుసలో నిలిచియుండగా, నాకు ముందున్న యువకుడు బల్లమీద ఒక చిన్న అట్టపెట్టెను పెట్టెను. గుమాస్తా కలము చేతబట్టి “లోపల ఏమున్నాయండీ?” అని యడిగెను. “సామాన్లేనండీ” అని యాతడు చెప్పెను. టేపు నాలుగు చుట్లు చుట్టినను మూత ఒక ప్రక్క లేచియుండుటచే ఆ సందులోనుండి లోపలి వస్తువు కనబడుచునే యుండెను. అది ల్యాప్‌టాప్ బ్యాటరీ. నడుమ పూరీవలె పొంగి, అంచులు విచ్చియున్నవి. దానిని నమూనాగా పంపినచో సరిపోవు క్రొత్తది హైదరాబాదులో దొరకునని ఆ యువకుడు నాతో అమాయకముగనే చెప్పెను. గుమాస్తా బిల్లుమీద ‘స్పేర్ పార్ట్స్’ అని వ్రాసి, రాత్రి బస్సుకు పోవు కుప్పమీదికి పెట్టెను విసరెను.

ఆ యువకుడు అబద్ధమాడెనని నేననను; గుమాస్తా తన పని మరచెననియు అనను. తరతరములుగా మన పార్సిలు బల్లలకడ అపాయమును పసిగట్టుచు వచ్చినవి ముక్కు, చెవి, చేయి. కిరసనాయిలు వాసన కొట్టును. ఆవకాయ జాడీ పగిలినచో నూనె గోనెకు దిగును. దీపావళి ముందు బాణసంచా పెట్టెను గంధకపు వాసనయే పట్టియిచ్చును. ప్రేలుడు పదార్థములను, అపాయకరములైన వస్తువులను అంచెలో పంపరాదని 1898 నాటి తపాలా చట్టము తన 19వ సెక్షనులో శాసించిన కాలమున, ఆ శాసనమును నడిపించుటకు ఈ ఇంద్రియములే చాలియుండెను. ఆ చట్టము పోయి, 2023 నాటి పోస్టాఫీసు చట్టము 2024 జూన్‌లో అమలునకు వచ్చినది గాని, బల్లకడ అడుగు ప్రశ్న మాత్రము మారలేదు. లిథియమ్ బ్యాటరీకి వాసన లేదు, కారుట లేదు, కదిపిన చప్పుడు లేదు. చొక్కా జేబులో రాత్రింబవళ్ళు మనతో తిరుగు వస్తువును ప్రమాదకరమని చెప్పవలెనన్న తలంపు పంపువానికి ఎట్లు కలుగును?

1991లో సోనీ సంస్థ ఈ బ్యాటరీని బజారునకు తెచ్చినది. దానికి మూలమైన పరిశోధన చేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానము లభించినది. ఆ గౌరవమునకు అది సర్వథా తగినదే. అయినను దాని లోపల, రెండు ధ్రువములను ఎడబాపి యుంచునది తల వెండ్రుకకంటె పలుచనైన పొర మాత్రమే. ఆ పొర చుట్టును నిండియున్నది ఇట్టె మండు స్వభావముగల ద్రవము. బియ్యపు మూట మీదపడి పెట్టె నలిగినను, ఇనుప ముక్క రెండు కొనలను కలిపినను, మూసిన డిక్కీలో రోహిణీకార్తె యెండకు అతిగా కాగినను, ఆ పొర చిరిగి, ఒక సెల్లు వేడి ప్రక్క సెల్లునకును, దాని వేడి ఆవలి దానికిని ప్రాకును. గుడ్డ కప్పి గాలి ఆడకుండ చేసినంతమాత్రమున ఆ మంట చావదు; ఏలయన లోపలి రసాయనములు కాగినపుడు తామే ప్రాణవాయువును విడుచును. బ్యాటరీ ఉబ్బుట యనగా లోపల వాయువులు పుట్టి కోశము చెడియున్నదని అర్థము. పార్సిలుగా ఎక్కడికిని పోగూడని దశ యది.

ఈ నిప్పు మన ఊరికి క్రొత్త కాదు. 2022 ఏప్రిల్ 23 తెల్లవారుజామున సూర్యారావుపేట గులాబీతోటలో, ముందునాడు కొన్న విద్యుత్ బైకు బ్యాటరీని పడకగదిలో చార్జింగునకు పెట్టి నిద్రించుచున్న కుటుంబము నడుమ అది ప్రేలగా, ఇంటి యజమాని మరణించెను, భార్యాబిడ్డలు గాయపడిరి. నాటి నుండి ఇంటిలో చార్జింగు పెట్టుట గూర్చి జాగ్రత్తలు చెప్పుకొనుట నేర్చితిమి. అదే వస్తువు పార్సిలైనపుడు ఏమగునో 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద తెలిసినది. హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు ప్రైవేటు బస్సు, దారిలో పడియున్న మోటారు సైకిలును ఈడ్చుకొనిపోగా మంటలు లేచి 19 మంది ప్రయాణికులు కాలిపోయిరి. ఆ బస్సులో సుమారు 46 లక్షల రూపాయల విలువగల 234 స్మార్ట్ ఫోన్ల పార్సిలు కలదనియు, ఆ బ్యాటరీలును, బస్సు ఏసీ వ్యవస్థకు చెందిన బ్యాటరీలును ప్రేలి మంటను పెంచినవనియు పరిశీలకులు చెప్పిరి. నేలకు పరచిన అల్యూమినియమ్ రేకులు కరగిపోయినవి. నిప్పు పుట్టుటకు ఫోన్లు కారణము కావు, నిజమే. కాని, పైన బెర్తులలో మనుష్యులు నిద్రించుచుండగా క్రింద ఆ సరుకును పేర్చుటకు ఎవరి అనుమతి కావలసివచ్చినది? ఆ నిద్రించువారిలో ఒక్కరికైన అది తెలిసియుండునా?

ఆకాశమార్గమున ఈ ప్రశ్నకు జవాబు ఎన్నడో చెప్పిరి. 2010 సెప్టెంబరు 3న దుబాయిలో, లిథియమ్ బ్యాటరీలున్న సరుకు అంటుకొని ఒక బోయింగ్ 747 సరకు విమానము కూలి, ఇద్దరు పైలట్లును మరణించిరి. పరికరములో గాక విడిగా నున్న లిథియమ్ అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానములలో సరకుగా పంపుట 2016 ఏప్రిల్ 1 నుండి అంతర్జాతీయముగ నిషిద్ధము; సరకు విమానములలోనైనను 30 శాతమునకు మించి చార్జి యుండరాదు. విదేశీ తపాలాలోనైనచో, అనుమతించిన దేశముల మధ్య, పరికరములో బిగించియున్న చిన్న బ్యాటరీలు మాత్రమే, ఒక్కొక్కటి 100 వాట్ అవర్లకు లోబడి, పోవచ్చును. అమెరికాలోని బిడ్డకు సున్నుండలతోపాటు పవర్‌బ్యాంకు నొకదానిని పెట్టెలో దోపు తల్లిదండ్రులు మన కృష్ణా తీరమున ప్రతి వీధిలోను కలరు. 20,000 మిల్లీయాంపియర్ అవర్ల పవర్‌బ్యాంకు 74 వాట్ అవర్లే యైనను, విడిగా నున్నది గనుక ఆ తపాలాలో దానికి చోటు లేదని వారికి చెప్పువారు లేరు.

విమానములో కూడనిది బస్సులో ఎట్లు కూడును? గుడివాడలోను, మచిలీపట్నములోను, అవనిగడ్డలోను ఫోన్ల దుకాణము పెట్టుకొన్న చిన్న వర్తకుడు రాత్రి బస్సునే నమ్ముకొన్నాడని నాకు తెలియును. లారీలో వేసినచో ఒక దినము ఆలస్యమగును, ఆ దినమున బేరము పోవును. ఆ నష్టమును నేను తేలికగా చూచుట లేదు. అయినను ఒక దినపు బేరమును నలువది మంది ప్రాణములతో తూచుట న్యాయము కాదు. పెద్దమొత్తపు ఫోన్లు, బ్యాటరీలు ఆటోనగర్ నుండి బయలుదేరు లారీలలోనే పోవలెను. మనుష్యులెక్కు బస్సు డిక్కీలో వానిని వేయుటను రవాణా శాఖ స్పష్టముగ నిషేధించి, రాత్రివేళ డిక్కీలు తెరిపించి చూడవలెను. తపాలా, కొరియరు, బస్సు పార్సిళ్ళ బల్లలన్నిటికడ “లోపల ఏమున్నాయి?” అన్న ప్రశ్నకు తోడు “బ్యాటరీ ఏదైనా ఉందా?” అని పేరుపెట్టి యడుగవలెను, ఆ జవాబునకు బిల్లుమీద ఒక గడి యుండవలెను. ఆ మూటలను వీపున మోయు హమాలీకి, సంచులను విప్పి వేరుచేయు రైల్వే మెయిల్ సర్వీసు (ఆర్.ఎమ్.ఎస్.) ఉద్యోగికి తన చేతిలోనున్నదేమో తెలిసికొను హక్కు కలదు.

ఆ సాయంకాలము నా మాట విని ఆ యువకుడు తన పెట్టెను తిరిగి తీసికొనెను. బ్యాటరీమీది అంకెలను ఫోనుతో ఫొటో తీసి హైదరాబాదు దుకాణమునకు పంపగా, నా బిల్లు తయారగులోపలనే “ఉంది, పంపిస్తాం” అని జవాబు వచ్చెను. పిమ్మట మెట్టుమీద నిలిచి “మరి దీన్ని ఎక్కడ ఇవ్వాలండీ?” అని యడిగెను. వాడిన బ్యాటరీలను సేకరించు బాధ్యత తయారుచేయు కంపెనీలదేయని 2022 ఆగస్టులో కేంద్రము నియమములు చేసినదని నేనెరుగుదును గాని, గవర్నరుపేటలో ఆ సేకరణ పెట్టె ఎక్కడనున్నదో చెప్పలేకపోతిని. ఇరువురము కలిసి నాలుగు రిపేరు షాపులు తిరిగితిమి. మూడింట వద్దనిరి. నాలుగవ చోట ఒక వృద్ధుడు మారుపలుకక ఆ బ్యాటరీని రెండు వ్రేళ్ళతో మెల్లగా అందుకొని, దాని కొనలకు టేపు అంటించి, ఇసుక పోసియున్న పాత రంగు డబ్బాలో పెట్టి, డబ్బాను గోడనీడకు జరిపెను.