జనం సొత్తుకు తాళమెందుకు?

ఆదివారం మధ్యాహ్నం రేడియోలో భారతం చెప్పే ఉషశ్రీ గొంతు వినబడితే అన్నం ముందు కూర్చున్నవాళ్లు కూడా ముద్ద ఆపి వినేవారు. ఇవాళ ఆ భారతం వినాలని ఎవరైనా ఫోన్‌లో వెతికితే చాలాసార్లు దొరికేది రేడియో పక్కన టేప్‌రికార్డర్ పెట్టి ఏ శ్రోతో పట్టుకున్న క్యాసెట్టే. మధ్యలో గరగర, ఒక్కోసారి ఇంట్లోవాళ్ల మాటలు. అభిమానులు దాచారు కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది. దాచి పంచాల్సిన బాధ్యత మాత్రం వారిది కాదు, ఆకాశవాణిని, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతిది.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు తీర్చిదిద్దిన భక్తిరంజని, నాటకాలు, రైతుల కార్యక్రమాలు, ఇవన్నీ జనం సొమ్ముతో తయారైనవే. మన తాతలు ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రేడియో లైసెన్సు రుసుం కట్టారు. ఇప్పుడు మనం పన్నులు కడుతున్నాం. ప్రసార సదుపాయాల ఆధునికీకరణకు 2023 జనవరిలో కేంద్రం రూ.2,539.61 కోట్లు మంజూరు చేసింది. కొత్త ట్రాన్స్‌మీటర్లకు డబ్బుంటే పాత గొంతులను కాపాడడానికీ ఉండాలి.

ప్రసార భారతి కొన్ని రికార్డింగులను సీడీలుగా అమ్మింది, కొన్నిటిని యూట్యూబ్‌లో పెట్టింది. అది చాలదు. ఏ కేంద్రంలో ఏ టేపులు భద్రంగా ఉన్నాయో పూర్తి జాబితా ప్రజల ముందుంచాలి. ఖాతా తెరవకుండా, ఓటీపీ కొట్టకుండా, ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా వినగలగాలి. చూపులేని శ్రోత స్క్రీన్ రీడర్‌తో వెతుకుతుంటే ప్రతి మీటా ‘బటన్, బటన్’ అని మాత్రమే పలికితే, చెవుల కోసమే పుట్టిన రేడియో ఆయనకు అందనట్టే. దూరదర్శన్ కార్యక్రమాలకు తెలుగు సబ్‌టైటిళ్లు లేకపోతే వినికిడి లేనివారికీ అంతే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఈ సౌకర్యాలను ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తేల్చింది.

కాపీరైట్ అడ్డమని అధికారులు అనవచ్చు. ప్రసార సంస్థకు తన ప్రసారంపై ఉండే హక్కు 25 ఏళ్లతో తీరిపోతుంది. రచయితల, కళాకారుల హక్కులు వేరు. వారి కుటుంబాల అనుమతి అడగాలి, న్యాయమైన పారితోషికం ఇవ్వాలి. అది చేయదగిన పని. దాన్ని సాకుగా చూపి తలుపు మూసేయడం తప్పు.

అడిగితే పని అవుతుందనడానికి బ్రిటన్ సాక్ష్యం. 2007లో కార్యక్రమాలను ఇంటర్నెట్‌లో అందించే బీబీసీ ఐప్లేయర్ మొదట విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్లకే అందింది. అందరి డబ్బుతో నడిచే సేవ కొందరికేనా అంటూ 16 వేల మందికి పైగా ప్రధాని కార్యాలయానికి వినతి పెట్టారు. ఆ డిసెంబరుకల్లా మ్యాక్, లినక్స్ వాడేవారికీ ఆన్‌లైన్‌లో చూసే వీలు వచ్చింది.

మన రెండు తెలుగు రాష్ట్రాలకు లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది, మొత్తం 60 మంది ఎంపీలున్నారు. ప్రసార భారతి చట్టం 13వ సెక్షన్ ఆ సంస్థ పనితీరుపై కన్నేసి ఉంచే పనిని 22 మంది ఎంపీల సంఘానికి అప్పగించింది. అంటే అడగడం మన ఎంపీల విధి. ఎన్ని గంటల తెలుగు రికార్డింగులు డిజిటల్ అయ్యాయి, మిగతావి ఎప్పటికి పూర్తవుతాయి, ఎంత ఖర్చు పెడతారు? పార్లమెంటు వచ్చే సమావేశాల్లోనే ఈ మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు రాబట్టాలి. పార్టీలు వేరైనా, రాష్ట్రాలు రెండైనా, ఈ విషయంలో 60 మందిదీ ఒకే మాట కావాలి.

పాఠకులు తమ ఎంపీకి ఈ ప్రశ్నలే ఒక ఉత్తరంలో రాసి పంపాలి. గ్రంథాలయ సంఘాలు, వికలాంగుల సంఘాలు, కళాకారుల కుటుంబాలు కలిసి వినతిపత్రం ఇవ్వాలి. టేపు మీది శబ్దం ఏటికేడు చెరిగిపోతుంది. అది మన కోసం ఆగదు. అందుకే ఆ ఉత్తరం ఈ వారమే పోస్టులో పడాలి.